ఛత్రి ఎవరి స్లాబు మీద?

హుస్నాబాద్‌లో మా చెల్లె కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశమై నెల తిరగకముందే ఫోన్ చేసింది. "అన్నా, డిష్ పెట్టించుకోవాల్నా, ఛత్రి పెట్టించుకోవాల్నా? సైన్సు పుస్తకాలు రాస్తవు గదా, నువ్వే చెప్పు."

మా వైపు మాట తెలియని వాళ్లకు ఈ ప్రశ్న తికమకగా ఉంటుంది. డిష్షూ ఛత్రీ ఒకటే కదా అనుకుంటారు. మా దగ్గర కాదు. డిష్ అంటే కేబుల్. నెలనెలా గడప దగ్గరికి వచ్చి పైసలు తీసుకుపోయేవాడు డిష్ ఆయన, ఆయనకు కట్టేది డిష్ బిల్లు. ఇంటి మీద నిజంగానే డిష్ బిగించుకున్న వాళ్లది మాత్రం ఛత్రి, లేదా ఆ కంపెనీ పేరు.

మాట తప్పుగా పుట్టిందని నవ్వుకోనక్కర్లేదు. 1990ల మొదట్లో తీగ ఇంటికొచ్చినప్పుడు, దాని అవతలి కొస ఒక మనిషి స్లాబు మీదున్న పెద్ద డిష్షులకు తగిలించి ఉండేది. ఊరు ఆ డిష్షులను చూసింది, పేరు వాటికి పెట్టింది. ఆ పేరులో ఒక నిజం ఉంది. మనం "కేబులా, శాటిలైటా" అని అడుగుతాం కానీ కేబుల్ బొమ్మ కూడా చాలావరకు ఆకాశం నుంచి వచ్చిందే. రెండు దారుల్లోనూ 36,000 కిలోమీటర్ల పైనుంచి అల దిగుతుంది, ఎక్కడో ఒక ఛత్రిలో పడుతుంది. ఆ ఛత్రి ఎవరి స్లాబు మీద ఉండాలన్నదే ప్రశ్న. వానకు, కోతులకు, కరెంటుకు, బిల్లుకు జవాబులన్నీ అక్కడి నుంచే వస్తాయి.

మొట్టమొదట ఛత్రి ఊరుమ్మడిది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఏడాది, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశం వాడుకుంది. సైట్ అన్నది ఆ ప్రయోగం పేరు. 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పల్లెకు ఒక టీవీ, దాని పక్కన 3 మీటర్ల అడ్డుకొలత గల యాంటెన్నా. ఆ యాంటెన్నాను దేనితో చేశారనుకున్నారు? కోళ్ల గూళ్లకు కొట్టే జాలీతో. ఏటీఎస్-6 పంపిన అల పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. తన పొడవులో పదో వంతు కూడా లేని కన్నాలు అలకు కనిపించవు. దానికి జాలీ కూడా నున్నటి అద్దమే. ఇలాంటి ఉపగ్రహాల ఊహను 1945లోనే 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో రాసిన ఆర్థర్ క్లార్క్ అప్పటికి కొలంబోలో ఉండేవాడు. ఇస్రో వాళ్లు ఆయన ఇంటికీ ఒక యాంటెన్నా బిగించి పెట్టారు. ఏడాది కాగానే అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకుంది, పల్లెల్లో టీవీలు మూగబోయాయి. సొంత ఉపగ్రహం లేకపోతే ఏమవుతుందో మనకు బాగా తెలిసివచ్చిన రోజులవి.

తర్వాత కథ చాలామందికి గుర్తే. 1977 అక్టోబర్‌లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. మా వైపు దాన్ని పట్టాలంటే ఆకాశమంత ఎత్తు ఇనుప గొట్టం, దాని కొసన చేపముల్లు లాంటి యాంటెన్నా. 1991 తర్వాత స్టార్, 1992లో జీ, 1995లో జెమిని, ఈటీవీ. వీటన్నింటినీ పట్టడానికి ఎవరికి వారు పెద్ద డిష్షులు కొనలేరు కాబట్టి ఊళ్లో ఒకాయన కొన్నాడు, తీగ లాగాడు. 2003లో డిష్ టీవీ, 2004 చివర దూరదర్శన్ ఉచిత సేవ, 2006లో టాటా స్కై వచ్చాక ఛత్రి చిన్నదై ఇంటింటి స్లాబు ఎక్కింది. ఊరికొకటి, వాడకు ఒకటి, చివరికి ఇంటికొకటి.

ఛత్రి ఎందుకు చిన్నదైందో తెలిస్తే వానాకాలం తిప్పలు కూడా అర్థమవుతాయి. 2005 డిసెంబర్ 22న ఫ్రెంచ్ గయానా నుంచి ఎగిరిన ఇన్‌శాట్-4ఏ మీదే టాటా స్కై మొదలైంది. అందులో కింది నుంచి వచ్చిన సంకేతాన్ని తిరిగి మనవైపు పంపే 12 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు, ఒక్కోటి 140 వాట్లు. మన ఇంట్లో రెండు సీలింగ్ ఫ్యాన్లు తినే కరెంటు అంత. ఆ రెండు ఫ్యాన్ల బలాన్ని దేశమంతటి మీద పరిస్తే, స్లాబు మీది 60 సెంటీమీటర్ల ఛత్రికి దక్కేది ఎంత? లెక్క వేస్తే, ఒక వాటును లక్ష కోట్ల ముక్కలు చేసి అందులో రెండు ముక్కలు. దానితోనే మా అత్తమ్మ సీరియల్ నడవాలి!

ఇంత తక్కువ బలాన్ని చిన్న ఛత్రి పోగుచేయగలగడానికి కారణం అల పొట్టిదవడం. కేయూ బ్యాండ్‌లో మనకు దిగే అల 12 గిగాహెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. పొడవు రెండున్నర సెంటీమీటర్లు. కేబుల్ వాళ్ల పెద్ద డిష్షులు పట్టే సీ బ్యాండ్ అల 4 గిగాహెర్ట్జ్‌లు, ఏడున్నర సెంటీమీటర్లు. అల ఎంత పొట్టిదైతే అంత చిన్న పళ్లెం చాలు. అయితే ఆ పొట్టితనానికి ధర కూడా చెల్లించాలి, రెండు చోట్ల. ఒకటి, కోళ్ల జాలీ ఇక పనికిరాదు. నున్నటి రేకు కావాలి, దాని మీద రెండు మూడు మిల్లీమీటర్ల సొట్ట పడ్డా కొంత బలం పక్కకు పోతుంది. హుస్నాబాద్‌లో కోతులకు ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు. ఛత్రి వాటికి కుర్చీ, దాన్ని మోసే గొట్టం ఊయల.

రెండోది వాన. చినుకు సైజు ఒకటి రెండు మిల్లీమీటర్లు, పెద్ద చినుకైతే ఐదు. ఏడున్నర సెంటీమీటర్ల అలకు అది ఇసుకరేణువు, పట్టించుకోకుండా దాటిపోతుంది. రెండున్నర సెంటీమీటర్ల అలకు మాత్రం చినుకు తగులుతుంది, కొంత పీల్చుకుంటుంది, కొంత చెదరగొడుతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల జోరున కురిసే వానలో కేయూ అల కిలోమీటరుకు రెండు డెసిబెళ్ల పైనే పోగొట్టుకుంటుంది. డెసిబెల్ లెక్క సులువు: 10 పోతే పదో వంతు మిగిలినట్టు, 20 పోతే నూరో వంతు. అలాంటి వాన మూడు కిలోమీటర్ల మేర అడ్డం ఉంటే ఐదో వంతు మాత్రమే ఛత్రికి చేరుతుంది. పాత రోజుల్లోనైతే బొమ్మ మీద చుక్కలు పడేవి, మాట గరగరలాడేది, అయినా కథ తెలిసేది. ఇప్పటి డిజిటల్ బొమ్మ అట్లా మెల్లగా చావదు. బలం ఒక గీత పైన ఉన్నంతసేపు అద్దంలా ఉంటుంది, గీత కిందికి జారగానే డబ్బాలు డబ్బాలై, ఆగి, 'సిగ్నల్ లేదు' అంటుంది.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. ఛత్రి నెత్తిన వాన పడితేనే బొమ్మ పోతుందని కాదు. ఛత్రి చూసే దారిలో వాన ఉండాలి. హుస్నాబాద్ నుంచి ఆ దారులు ఎక్కడున్నాయో లెక్క కట్టాను. మన ఊరు సుమారు 18.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.2 డిగ్రీల తూర్పు రేఖాంశం. దక్షిణానికి మొహం పెట్టి నిలబడండి. పేరు మారి టాటా ప్లే అయిన టాటా స్కై వాడే 83 డిగ్రీల స్థానం మీకు కొంచెం ఎడమకు, 68 డిగ్రీల ఎత్తులో, అంటే దాదాపు నెత్తి మీదికి ఉంటుంది. దూరదర్శన్ ఫ్రీ డిష్‌ది 93.5, డిష్ టీవీది 95. ఈ రెండూ ఆగ్నేయంలో, 62-63 డిగ్రీల ఎత్తున. ఎయిర్‌టెల్‌ది 108.2, అది ఆగ్నేయం దాటి తూర్పుకు ఒరిగి, 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. వాస్తు ప్రకారం ఆగ్నేయం అగ్నిమూల, వంటింటి చోటు. మన సీరియళ్ల వంట కూడా ఎక్కువ అక్కడే జరుగుతున్నట్టుంది.

ఈ అంకెలు ఊరికే చెప్పలేదు. వాన పుట్టే ఎత్తు మన వైపు ఐదు కిలోమీటర్ల దగ్గర. 68 డిగ్రీల దారి ఆ వానలో ఐదున్నర కిలోమీటర్ల లోపే నడుస్తుంది. 50 డిగ్రీల దారి ఆరున్నర నడుస్తుంది. కిలోమీటరు తేడా పెద్దదేమీ కాదు. ఉపగ్రహం బలం, ఛత్రి సైజు ఆ తేడాను పూడ్చగలవు. చెట్లు, గోడల విషయం అట్లా కాదు. తూర్పు వైపు వేపచెట్టున్న ఇంటికి 50 డిగ్రీల ఉపగ్రహం దొరక్కపోవచ్చు, 68 డిగ్రీలది దొరుకుతుంది. కంపెనీ ఏదన్నదాని కన్నా ముందు ఇంటి చుట్టూ ఏముందో చూసుకోవాలి. పైగా ఛత్రి మొహం చూసి దారి పోల్చుకోలేం. ఇళ్ల మీది ఛత్రులు గుండ్రటి పెద్ద గిన్నెలో ఒక పక్క కోసి తీసిన ముక్కల్లాంటివి. అవి మొహం పెట్టిన చోటుకన్నా ఇంకో 25 డిగ్రీలు పైకి చూస్తుంటాయి. ఎదురింటి గోడను చూస్తున్నట్టు కనిపించే ఛత్రి నిజానికి ఆ గోడ నెత్తి మీదుగా ఎక్కడికో చూస్తోంది.

చూపు ఎంత సన్నమంటే, 60 సెంటీమీటర్ల ఛత్రి మూడు డిగ్రీల వెడల్పును కూడా దాటి చూడలేదు. చెయ్యి చాచి రెండు వేళ్లు పక్కపక్కన పెడితే ఆకాశంలో కప్పే మేర అది. 2010 జూలై 7న ఇన్‌శాట్-4బి సౌరఫలకాల్లో లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. దాని మీద ఆధారపడ్డ సన్ డైరెక్ట్ 93.5 నుంచి 91.5 డిగ్రీల దగ్గరున్న మీశాట్-3కు మారింది. మారింది రెండు డిగ్రీలే, అయినా ఇళ్ల మీద ఛత్రులను మళ్లీ తిప్పుకోవాల్సి వచ్చింది. ఛత్రి నమ్ముకునేది ఒక్క స్థానాన్ని. కేబుల్ వాళ్లు చానళ్లను పట్టి పోగుచేసే హెడ్ఎండ్‌లో అయితే అరడజను డిష్షులు అరడజను ఉపగ్రహాల వైపు చూస్తుంటాయి. ఒకటి పోతే కొన్ని చానళ్లు పోతాయి, అన్నీ పోవు.

ఇక తీగ సంగతి. ఛత్రి మూతి దగ్గర ఎల్‌ఎన్‌బీ అని ఒక పిడికెడు డబ్బా ఉంటుంది. 12 గిగాహెర్ట్జ్‌ల అలను తీగలో దింపితే మీటర్లలోనే చచ్చిపోతుంది కాబట్టి దాన్ని అక్కడికక్కడే ఒకటి రెండు గిగాహెర్ట్జ్‌లకు దించి కిందికి పంపడం దాని పని. దానికి కావాల్సిన 13 లేదా 18 వోల్టులు సెట్‌టాప్ బాక్సు నుంచి అదే తీగలో పైకి పోతాయి. బొమ్మ కిందికి, కరెంటు పైకి, ఒకే తీగ. అందుకే ఛత్రి చెడిందని అనుకున్న పదిసార్లలో చాలాసార్లు చెడింది తీగ కొసే. నేనొకసారి మా పాతింటి స్లాబు ఎక్కి ఆ మర కనెక్టర్ విప్పి చూశాను. చుట్టిన టేపు ఎండకు పెళుసెక్కి ఊడిపోయింది. లోపలి రాగి మొనకు చిలుము పట్టి పచ్చగా ఉంది, చుట్టూ తెల్లటి జాలీ తడిసి బూజులా అంటుకుపోయింది. కత్తితో గీకి, ఒక అంగుళం కోసేసి, కొత్త కొస బిగించి, తీగను కనెక్టర్ కింద ఒక మెలిక వేలాడేట్టు కట్టాను. వాననీళ్లు మెలిక అడుగుకు జారి అక్కడే కారిపోతాయి, కనెక్టర్‌లోకి పోవు. కింది నుంచి అవ్వ కేక: "అచ్చిందిరా! ఇగ ముట్టకు, దిగు!"

కేబుల్ దారి ఇంతకన్నా పొడవు. మామూలు ఆర్‌జీ-6 తీగలో వెయ్యి మెగాహెర్ట్జ్‌ల దగ్గర 100 మీటర్లకు 20 డెసిబెళ్లు పోతాయి. నూట్లో ఒక వంతు మిగులుతుందన్నమాట. అదే 20 డెసిబెళ్లు పోవాలంటే గాజు పోగులో వెలుతురు 100 కిలోమీటర్లు నడవాలి. మీటరుకూ కిలోమీటరుకూ ఉన్న ఈ వెయ్యి రెట్ల తేడా కేబుల్ వ్యాపారాన్నే మార్చేసింది. పాత రోజుల్లో ఆపరేటర్ తన స్లాబు నుంచి స్తంభం స్తంభానికీ ఆంప్లిఫయర్ పెట్టుకుంటూ పోయేవాడు. ప్రతి ఆంప్లిఫయర్ బొమ్మతో పాటు గరగరను కూడా పెంచేది, చివరి వాడ వాళ్లకు మిగిలింది గరగరే. ఇప్పుడు ఎక్కడో పెద్ద ఊళ్లోని హెడ్ఎండ్ నుంచి ఫైబర్ వస్తుంది, వాడ మొదట్లో నోడ్ అనే డబ్బా వెలుతురును మళ్లీ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది, అక్కడి నుంచి ఇంటికి నల్లతీగ. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్ నెట్ ఆ గాజు పోగును కరెంటు స్తంభాల మీద లాగింది. మన దగ్గర టీ-ఫైబర్ వాళ్లు మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కాలువల్లోనే గొట్టాలు వేశారు. కోతికి అందని చోటు కాబట్టి నా ఓటు కాలువకే.

తీగలో సంకేతం బలంగా ఉంటుంది కనుక దాని మీద ఎక్కువ భారం మోపవచ్చు. చెరువు అవతలి గట్టు మీదున్న మనిషితో మాట్లాడాలంటే "రా", "పో" లాంటి మాటలే అరుస్తాం. పక్కన కూర్చున్న వాడితో గుసగుసగా ఎన్ని సంగతులైనా చెప్పుకుంటాం. ఉపగ్రహం అరుస్తుంది: ఒక్కో స్పందనలో 2 బిట్లు, మహా అయితే 3. తీగ గుసగుసలాడుతుంది: ఒక్కో స్పందనలో 6, ఒక్కోచోట 8. అందుకే పాత తీగ మీదనే, 8 మెగాహెర్ట్జ్‌ల ఒక్క గదిలో, సెకనుకు 38 మెగాబిట్లు పట్టాయి. ఒక అనలాగ్ చానల్ కూర్చున్న చోట పది కూర్చున్నాయి. అయితే గుసగుస వినాలంటే గది నిశ్శబ్దంగా ఉండాలి. ఇంట్లో మూడు టీవీలకు బజారులో కొన్న చౌక స్ప్లిటర్లు వరసగా తగిలిస్తే, ఒక్కోచోట మూడున్నర డెసిబెళ్లు జారిపోయి డబ్బాలు మొదలవుతాయి. డిష్ ఆయనను తిట్టే ముందు టీవీ వెనుక చూడటం మంచిది.

కరెంటు దగ్గర తీగ ఓడిపోతుంది. ఎండకాలం సాయంత్రం గాలిదుమారం లేచి వాడలో కరెంటు పోతే, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు. నోడ్‌కు వెనుక బ్యాటరీ లేకుంటే అది పడుకుంటుంది. ఛత్రికి ఊళ్లో ఎవరి కరెంటూ అక్కర్లేదు, ఇన్వర్టర్ చాలు. దుమారం తర్వాత వాన జోరందుకుంటే మాత్రం ఛత్రి పడుకుంటుంది. కరెంటు లేని గంటలు ఎక్కువా, కుండపోత నిమిషాలు ఎక్కువా అన్నది ఎవరి వాడ లెక్క వాళ్లది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను, అది ఏటా మారేదే కనుక. 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన పద్ధతిలో కేబుల్‌కైనా ఛత్రికైనా బిల్లు రెండు ముక్కలు: తీగకో ఛత్రికో అద్దె లాంటి నెట్‌వర్క్ రుసుము, ఆపైన కోరుకున్న చానళ్ల ధర. మొదట 100 చానళ్లకు 130 రూపాయలు, 18 శాతం పన్నుతో 153 రూపాయల 40 పైసలు గరిష్ఠ రుసుము. 2020లో అదే 130కి 200 చానళ్లన్నారు. 2024 జూలైలో ఆ గరిష్ఠ పరిమితినే ఎత్తేశారు. కాబట్టి ఇప్పుడు అడిగి బేరమాడాల్సిందే, ముఖ్యంగా రెండో టీవీకి. ఛత్రికి ముందే పైసలు వేయాలి, గడువు అయిన రాత్రే బొమ్మ ఆగుతుంది. డిష్ ఆయన రెండు రోజులు ఆగుతాడు, పరిచయం ఉంటే వారం. ఇల్లు మారితే ఛత్రిని మూటగట్టుకుని పోవచ్చు. లోకల్ చానల్, ఊరి వార్తలు, ఊరి దుకాణాల ప్రకటనలు తీగలోనే వస్తాయి. నెలనెలా కట్టలేని వాళ్లకు ఫ్రీ డిష్ ఉంది. ఒకసారి పెట్టె, ఛత్రి కొనుక్కుంటే చాలు. దూరదర్శన్ వాళ్ల యాదగిరి చానల్ వస్తుంది. తెలుగు కన్నా హిందీ ఎక్కువని ముందే తెలుసుకుని కొనాలి.

చెల్లె ఇంటికి ఏది నప్పుతుందో చూడటానికి మార్చి 12న హుస్నాబాద్ పోయాను. ఆ రోజునే ఎందుకంటే, ఏడాదికి రెండుసార్లు, మన అక్షాంశంలో మార్చి రెండో వారంలోనూ అక్టోబర్ మొదటి రోజుల్లోనూ, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహాల వరస వెనుకగా నడుస్తాడు. ఉదయం 10 గంటల 8 నిమిషాలకు 108.2 వెనుక, 11 దాటిన కాసేపటికి 95 వెనుక, 12 గంటల 5 నిమిషాలకు 83 వెనుక. ఆ నిమిషాన స్లాబు మీద ఎక్కడ ఎండ పడితే అక్కడికి ఆ ఉపగ్రహం కనబడుతుంది, నీడ పడితే లేదు. యంత్రం అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. పదింటికి పక్కింటి వేపచెట్టు నీడ సగం స్లాబు కప్పింది. పదకొండుకు ఒక మూల తేరుకుంది. పన్నెండుకు ఎండ అంతటా పరుచుకుంది, మా కాళ్లు కాలాయి. చెల్లె సుద్దముక్కతో గుర్తులు పెట్టింది.

సూర్యుడు వెనుక నిలబడటంలో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆయన వెలుతురుతో పాటు రేడియో అలలు కూడా పంపుతాడు, ఆ హోరులో ఉపగ్రహం గొంతు మునిగిపోతుంది. విచిత్రమేమంటే ఈ దెబ్బ చిన్న ఛత్రికన్నా పెద్ద డిష్షుకే గట్టిగా తగులుతుంది. చిన్న ఛత్రి చూపు మూడు డిగ్రీలు, సూర్యుడు అందులో అర డిగ్రీ మాత్రమే. పెద్ద డిష్ చూపు మరీ సన్నం, సూర్యుడొస్తే అందులో పెద్ద పాలు ఆయనే ఆక్రమిస్తాడు. వానకు బెదరని కేబుల్ హెడ్ఎండ్ ఏటా రెండు విడతలు, రోజుకు కొన్ని నిమిషాలు, నిర్మలమైన ఎండకు తలవంచుతుంది. ఇదంతా నేను స్లాబు మీద చెప్తుంటే చెల్లె కొంగు నెత్తిన వేసుకుని, "అన్నం సల్లగైతుంది" అంది.

పక్క వాడలోనే వాళ్ల అత్తమ్మ ఉంటుంది, భోజనం అక్కడే. ఆమెకు డిష్ ఉంది. 66 డిగ్రీల దగ్గరి ఉపగ్రహం నుంచి కూడా మన చానళ్లు కొన్ని దిగుతాయి, దాని వెనుకకు సూర్యుడు వచ్చేది 1 గంట 24 నిమిషాలకు. నేను గడియారం చూస్తూ పప్పు కలుపుకుంటున్నాను. 1:22కు సీరియల్లో కోడలి మొహం డబ్బాలు డబ్బాలైంది, ఆగింది. మిగతా చానళ్లు తిప్పితే వస్తున్నాయి.

"వాన లేదు, మొగులు లేదు, ఏమాయెనే దీనికి?" అంటూ అత్తమ్మ అప్పటికే ఫోన్ అందుకుంది. స్పీకర్‌లో డిష్ ఆయన గొంతు, ఏ తొందరా లేకుండా: "ఆగమైతరేంది అమ్మా, ఐదు నిమిషాలల్ల అస్తది. సూర్యుడు అడ్డమచ్చిండు."

అడ్డం కాదు, వెనుక. చెల్లె నా వైపు చూసి నవ్వాపుకుంది. నేను పప్పు కలుపుకున్నాను.